కేబుల్ పట్టుకుంటే తెలిసింది

ఆ ల్యాబులో అందరూ ఆయన్ని సర్వజ్ఞుడనేవాళ్లు, చాటుగా. ఎదుటపడితే మాత్రం "సార్".

ఆయన గీసిన యాంటెన్నా చిటికెనవేలి గోరంత. ఫోను సిగ్నలు, వైఫై, ఉన్న చోటు చెప్పే ఉపగ్రహ సిగ్నలు, మూడింటినీ ఆ గోరే పట్టేస్తుందట! ఆస్పత్రిలో రోగుల చేతికి కట్టే పట్టీలో దాన్నే పెట్టమని డైరెక్టరమ్మ ఆ మధ్యాహ్నం సంతకం చేయబోతోంది. చేసిందంటే, కొత్త ఇంజనీరు ఎనిమిది నెలలు రాత్రింబవళ్లు కూర్చుని చేసిన యాంటెన్నా చెత్తబుట్టలోకే.

"నీది బొటనవేలంత ఉందమ్మా. అది కడితే రోగి చెయ్యెత్తగలడా?" అని సర్వజ్ఞుడు తన జోకుకి తనే పగలబడి నవ్వాడు.

కొత్త ఇంజనీరు ఆయన టై మీది టీ మరకను తీరిగ్గా చూసింది. ఆ మరకే నయం, గొప్పలు చెప్పదు.

ఆయన తన గోరుని తగిలించగానే కొలిచే యంత్రం తెర మీద గీత మూడు చోట్ల గుంతలా దిగింది. ఒక్కో గుంత ఒక్కో సిగ్నలు పట్టినట్టు లెక్క. ఇంత రేకుముక్కకి అంత లోతా? ఆమె యంత్రానికీ యాంటెన్నాకీ మధ్య ఉన్న మూరెడు కేబుల్‌ని గుప్పిట పట్టింది.

గీత గంతులేసింది. రెండు గుంతలు మాయం.

"ముట్టుకోకు! చెదిరిపోతుంది!"

"నేను ముట్టుకుంది కేబుల్‌ని సార్. దానికే చెదిరిందంటే, ఇన్నాళ్లూ సిగ్నలు పట్టింది మీ గోరు కాదు, ఈ కేబులే."

పక్కనే నిలబడి చూస్తున్న డైరెక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "పట్టీలో ఈ కేబుల్ ఉంటుందా?"

"ఉండదు మేడమ్," అంది ఆమె.

"కావాలంటే మడతపెట్టి పెడదాం మేడమ్," అన్నాడు సర్వజ్ఞుడు. నిజంగానే అన్నాడు.

ఎవరో దగ్గు తెచ్చుకుని నవ్వు మింగారు. ఆమె తన యాంటెన్నా తగిలించింది. ఈసారి కేబుల్‌ని డైరెక్టరమ్మే పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంది. మూడు గుంతలూ వెంట్రుకవాసైనా కదల్లేదు.

"పట్టీని కాస్త వెడల్పు చేయించండి," అని ఆవిడ సంతకం పెట్టేసింది.

"మరీ చిన్నదైతే కష్టమని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా. ఈ అమ్మాయికి నేర్పిందీ నేనే," అన్నాడు సర్వజ్ఞుడు, రెప్పయినా వెయ్యకుండా.

ఆమె వరండాలోకి పరుగెత్తి మొగుడికి ఫోన్ చేసింది.

"ఏమండీ, సంతకం నాదాని మీదే పడింది!"

"అబ్బో! మరి ఆ మహానుభావుడు?"

"నాకు నేర్పింది తనేనట."

"నవ్వెలా ఆపుకున్నావే?"

"ఎవరాపుకున్నారు?"