డెలియా పేరున్న కాయ

మా వదిన మార్లిస్ ఏం చేసినా చప్పుడు లేకుండా చేస్తుంది. ఆ సంగతి తెలిసీ ఆ అక్టోబరు ఆదివారం బయల్దేరే ముందు అన్న డ్వైట్‌ను పక్కకి లాగి దులిపేశాను. డెలియాను కూడా గుమ్మడి తోటకి తీసుకెళ్తారా, బుద్ధుందా మీకు అని.

కెస్లర్ పెద్దమ్మ తోటలో మా ఇంటి పిల్లలందరికీ పేరున్న కాయలుంటాయి. జూలైలో కాయ పిడికెడంత ఉన్నప్పుడు వెళ్లి, మేకుతో తోలు మీద పేరు గీకి వస్తాం. కాయ పెరిగేకొద్దీ గీతలు మాని, పేరూ పెద్దదవుతుంది. అక్టోబరుకల్లా అక్షరాలు తాడులా ఉబ్బి కనిపిస్తాయి. పిల్లలు చాళ్ల వెంట పరుగెత్తి ఎవరి కాయ వాళ్లు వెతుక్కుంటారు. చిన్నప్పుడు నేనూ అన్నా అలా వెతుక్కున్నవాళ్లమే.

డెలియా వచ్చింది ఆగస్టు చివర్లో, పేర్లు గీకడం అయిపోయాక. ఎనిమిదేళ్ల పిల్ల. కన్నతల్లి సాకలేని స్థితిలో ఉంటే సర్కారువాళ్లు ఆ ఇల్లూ ఈ ఇల్లూ తిప్పి, చివరికి మా అన్న ఇంట్లో దించారు. ఈ పిల్లను ఉంచేసుకోవాలని అన్నావదినల ఆశ. పిల్లకే నమ్మకం లేదు. వదిన సొరుగు ఖాళీ చేసిచ్చినా బట్టలు సంచిలోనే ఉంచుతుంది. ఉతికినవి మడిచి మళ్లీ అందులోనే పెట్టి జిప్పు లాగేస్తుంది.

తోటలో దిగీ దిగగానే అన్న పిల్లలు గ్రెటా, ఓవెన్ చెరోవైపు పరుగెత్తి తమ కాయలు పట్టేశారు. డెలియా గడ్డి బండి పక్కన స్వెటర్ చేతుల్లోకి వేళ్లు ముడుచుకుని నిలబడింది. కాసేపటికి ఓవెన్ దగ్గరికెళ్లి, నేను మోయనా అని అడిగింది. వాడు చెడ్డవాడు కాదు, కానీ ఒకరి కాయ ఇంకొకరు ముట్టుకోకూడదని చెప్పేశాడు. అది మా తాతలనాటి పద్ధతి. ఆ క్షణాన ఆ పద్ధతి మీద నాకు ఒళ్లు మండింది.

అప్పుడు వదిన వచ్చి డెలియా చెయ్యి పట్టుకుని తోట చివరికి నడిపించింది. ఆలస్యంగా విత్తిన పాదులవి, తీగలింకా పచ్చగానే ఉన్నాయి. ఆకుల కింద ఒక పచ్చటి కాయ. ఒక పక్కన మాత్రమే రంగు తిరుగుతోంది. దాని మీద పొక్కు కట్టిన అక్షరాల్లో డెలియా పేరు.

కెస్లర్ పెద్దమ్మ నా చెవిలో వేసింది అసలు సంగతి. పిల్ల వచ్చిన వారంలోనే వదిన ఒంటరిగా వచ్చి, లేత కాయ కోసం మోకాళ్ల మీద పాదులన్నీ వెతికిందట. అంత ఆలస్యంగా గీకితే కుళ్లిపోతుందని పెద్దమ్మ చెప్పినా వినలేదట. వానపడినప్పుడల్లా వచ్చి గీతలు తుడిచి ఆరబెట్టి వెళ్లేదట. ఇంత చేసి మాతో ఒక్క ముక్క అనలేదు. ఎంత మనిషి! చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

డెలియా అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది.

"ఇది పండలేదండీ."

"ఎండ తగిలే కిటికీలో పెడితే పండుతుంది. రోజూ కాస్త తిప్పుతుండాలి," అంది వదిన.

"కింద మెత్తగా ఏదన్నా వెయ్యి పిల్లా," అంది పెద్దమ్మ. "వట్టి రాతి మీద పెడితే అడుగు చెడిపోద్ది."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ దాకా పట్టొచ్చు," అంది వదిన.

డెలియా తల ఎత్తలేదు. "అప్పటిదాకా ఎవరు తిప్పుతారు?"

వదిన ఆ బురదలోనే కూర్చుంది. "నీ పేరున్న కాయ నువ్వే తిప్పుకోవాలి. మా ఇంట్లో ఒకరిది ఇంకొకరు ముట్టుకోరు. ఓవెన్ చెప్పలా?"

ఇంటికి రాగానే గ్రెటా, ఓవెన్ వరండాలో కత్తులు పట్టుకుని హాలోవీన్ పండగ కోసం కాయలకు కళ్లూ పళ్లూ చెక్కడం మొదలుపెట్టారు. డెలియా తన కాయను పొట్టకి హత్తుకుని, ఆగుతూ ఆగుతూ వంటింటిదాకా మోసుకొచ్చింది. సాయానికి ఎవరం వెళ్లలేదు. వదిన కిటికీ గట్టు మీది కుండీలు తీసేసింది. నేను కింద వెయ్యడానికి పాత తువ్వాలు తెచ్చాను.

"ఉండండి అత్తా," అని డెలియా మేడ మీదికి వెళ్లింది. పైన సొరుగు లాగిన చప్పుడు, చాలాసేపటికి మూసిన చప్పుడు వినిపించాయి. దిగి వచ్చేటప్పుడు దాని చేతిలో బట్టల సంచి ఉంది, ఖాళీది. దాన్ని నాలుగు మడతలు పెట్టి గట్టు మీద పరిచి, పైన కాయను కూర్చోబెట్టింది.