మావ పేరు కింద పడింది

నేను రాసిన పరిశోధన పత్రం చివరి పేజీ చూసి మహతి మేడం పడీ పడీ నవ్వారు. ఆవిడ మా గైడు. శ్రీకాకుళంలో మా కాలేజీకి వచ్చినప్పట్నుంచీ ఆవిడ నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తీరా నవ్వింది నా పేపరు చూసి. ఒళ్ళు మండిపోయింది.

“ఇది ఆధారాల పట్టికా, పెళ్ళికార్డా ఝాన్సీ?” అన్నారు.

తప్పేముందట? రైతులు ఎడ్లకీ ఆవులకీ పెట్టుకునే పేర్ల మీద రాస్తున్నాను. శ్రీముఖలింగం దగ్గర మా అమ్మవాళ్ళ ఊరెళ్ళి, పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడించి వచ్చాను. ఎవరెవరు చెప్పారో చివర్లో పేర్లు వెయ్యాలన్నారు. వేశాను. పెద్దవాళ్ళు పైన, చిన్నవాళ్ళు కింద. అందరికీ ముందు శ్రీ, వెనక గారు. మా వైపు పేర్లు వెయ్యడమంటే అంతే మరి.

“శ్రీలూ గారులూ తీసెయ్. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, ఆ తర్వాత మాట్లాడిన సంవత్సరం. అందర్నీ అక్షరక్రమంలో పెట్టు. వయసుతో పని లేదు. ఇంకోటి, చెప్పినవాళ్ళకి ఒకసారి చూపించు. వద్దంటే వాళ్ళ మాటలు వాడకూడదు. రేపు సాయంత్రమే ఆఖరు. దాటితే నీ పేపరు ఎచ్చెర్ల యూనివర్సిటీ సెమినార్‌కి వెళ్ళదు.”

మార్చాను. మార్చి చూసుకుంటే కొంప మునిగింది. అందరికన్నా పైన అల్లాడ అప్పలసూరి. అట్టడుగున సనపల నరసింగరావు.

నరసింగరావు మా మేనమామ. అప్పలసూరి ఆయన పక్క పొలం రైతు. ఒకప్పుడు చెరో ఎద్దూ తెచ్చి ఒకే నాగలికి కట్టి, ఇద్దరి పొలాలూ దున్నుకునేవాళ్ళు. అప్పలసూరి కూతురి పెళ్ళికార్డులో మావ పేరు ఎక్కడో కింద పడింది. అక్షింతలు వేసి, పెళ్ళిభోజనం ముట్టకుండా వచ్చేశాడు మావ. అప్పట్నుంచీ మాటల్లేవు. గట్టు మీద ఎదురైతే ఒకాయన ఆకాశం చూస్తాడు, ఇంకొకాయన నేల చూస్తాడు. ఇంత వయసొచ్చీ ఇదేం పంతమో!

పొద్దున్నే బస్సెక్కి మావ ఇంటికి వెళ్ళాను. కాగితం చూడగానే ముఖం ముడుచుకున్నాడు.

“ఏటే ఇది? సూరిగాడు నా నెత్తి మీద కూకున్నాడేటి?”

“అక్షరక్రమం మావా. ‘అ’ ముందొస్తాది, ‘స’ తర్వాతొస్తాది.”

“అయితే తప్పు మా ఇంటిపేరుదేటి? నాను సెప్పినవన్నీ తీసెయ్.”

“తీసేస్తే నా పేపర్లో ఏటి మిగుల్తాది? అట్టలేనా?”

“పైన సూరిగాడున్నాడు కదా. ఆడే సూసుకుంటాడు.”

“సిన్నపిల్ల సదువు కాడ కూడా ఆ కార్డు గొడవేటి? సిగ్గులేదూ?” అని వంటింట్లోంచి కేకేసింది తాయారత్త. మావ చెవిన పడితేగా.

బతిమాలాను. లాభం లేదు. చివరికి నాకూ తిక్క రేగింది. “కింద పేరు చూసి ఎగిరితే ఎలా? లోపల చూడు. పేజీ పేజీకీ నువ్వే ఉన్నావు. సూరి మావ ఎక్కడో ఒక్క చోటే.”

మావ కళ్ళజోడు తెచ్చుకున్నాడు. ఏ పేజీ తిప్పినా, ఎవరు చెప్పారో వేసే బ్రాకెట్లో సనపల, సనపల. ముఖం విచ్చుకుంది.

“మరి ఆడేటి సెప్పినాడు? సదువు.”

చదివాను. “నా ఎద్దుకి కలెక్టరని పేరెట్టింది నాను కాదు, నరసింగరావు. నాగలికి కడితే అడుగెయ్యదు, నిలబడి అందర్నీ సూస్తాది. అది సూసి అన్నాడు. ఊరంతా నానే ఎట్టాననుకుంటారు. పేర్లెట్టడంలో ఆడికి సాటెవుడూ లేడు.”

మావ కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

“సూరే సెప్పినాడా ఈ మాట?”

“నా ఫోన్లో గొంతుంది. వింటావా?”

అక్కర్లేదన్నాడు. మళ్ళీ పేజీలు వెనక్కి తిప్పాడు. ఒక చోట వేలు పెట్టాడు.

“మా ఆవుకి బడిగంటని నానే పేరెట్టినానని రాసినావు. అది కొట్టెయ్. రోజూ పొద్దున్నే బడేళకి అరుస్తాదని సూరే ఎట్టినాడు. ఆడి పేరెయ్యి.”

నేను నోరెళ్ళబెట్టాను. నా పేపర్లో అన్నిటికన్నా మంచి సంగతి అదే. ఆ రోజు మావ మీసం దువ్వుకుంటూ చెప్పాడు కూడా.

“అది నీ గొప్ప కత కదా మావా?”

“గొప్పదే. నాది కాదు.”

కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. పేపరు దక్కినందుక్కాదు, మావ ఆ మాట అన్నందుకు. అక్కడే సనపల కొట్టేసి అల్లాడ అని రాశాను.

“సూరికి సూపించినావేటి?”

“ఇప్పుడే వెళ్తాను.”

“నానూ వస్తాను, పద.”

సూరి మావ అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. మమ్మల్ని చూసి అలవాటుగా నేల చూడబోయాడు. మావ నా చేతిలోంచి కాగితాలు లాక్కుని ఆయన ఒళ్ళో పెట్టాడు.

“ఒరే సూరీ, బడిగంట నీదని రాయించినాను. సరిగ్గా ఉన్నాదో లేదో సూసుకో.”

సూరి మావ కాగితాల వైపు చూడలేదు. మావ వైపే చూస్తూ ఉండిపోయాడు.