బతికినవే లెక్క

పోయినేడు మా కళ్ళ ముందే డబ్బాలు బోర్లించారు. చేపపిల్లలు నీళ్ళలో పడి వెల్లకిలా తేలాయి. అవి అలా తేలుతుండగానే చేపల శాఖ ఇన్‌స్పెక్టరు రిజిస్టరు తీసి "లక్ష పిల్లలను వదలడమైనది" అని రాసేశాడు. సాక్షిగా వలలు అల్లే అత్త వేలిముద్ర అంతకుముందే పడింది. లారీ ఆగగానే ముద్ర, ఆ తర్వాతే డబ్బా. జలాశయం కట్టినప్పటి నుంచీ అదే వరస, మేమెవరమూ ఎందుకని అడగలేదు.

డబ్బాలను కాసేపు జలాశయంలో తేలనిచ్చి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి వచ్చాక మూత తీయాలి, లేకపోతే పిల్లలు చస్తాయి. ఇన్‌స్పెక్టరుకు తెలియక కాదు. సాయంత్రంలోగా ఆయన ఇంకో మూడు చెరువులు తిరగాలి.

ఆ ఏడాది వలలో నాచు తప్ప ఏమీ పడలేదు. ఆఫీసు మనిషి వచ్చి మా మీదే విరుచుకుపడ్డాడు.

"లక్ష వదిలాం. మీ ముద్రే ఉంది. సన్నకన్ను వలలేసి మీరే ఊడ్చేశారు."

కాకిలెక్కలు వాళ్ళవి, దొంగతనం మాది. సగం ఇళ్ళ లైసెన్సులు పోయాయి. మళ్ళీ ఇలాగే అయితే జలాశయం కాంట్రాక్టరు చేతికే అని చెప్పి పోయాడు.

వలల షెడ్డులో మీటింగు పెడితే కొట్లాటే అయింది.

"అత్త ముద్ర వేయకపోతే సరి," అన్నాడు పడవల బావ.

"నేను కాదంటే నీ చేత వేయించుకుంటాడు. నువ్వు కాదంటే నీ పెళ్ళాం చేత," అంది అత్త. "వాడికి ఒక్క వేలు చాల్రా. ఆపాలంటే మన వేళ్ళన్నీ కావాలి."

ఈ ఏడు లారీ వచ్చేసరికి గట్టు మీద ఎవరూ లేరు. ఆడా మగా అందరం నడుం లోతు నీళ్ళలో నిలబడ్డాం.

"ముందు డబ్బాలు ఇవ్వండయ్యా," అంది అత్త.

"ముందు ముద్ర."

"సరుకు చూడకుండానే రసీదు రాసిస్తారా మీ ఇంట్లో?"

లారీ డ్రైవరు ఫక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టరు అరుస్తున్నా వినకుండా మొదటి డబ్బా మా చేతికి అందించాడు. అన్నిటినీ నీళ్ళలో పట్టుకుని నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు వెంట వచ్చిన జవాను పోలీసుల కోసం పరిగెత్తాడు.

పోలీసులు వచ్చేసరికి మూతలు తీస్తున్నాం. దారిలోనే చచ్చినవి పైకి తేలాయి. మిగిలినవి మా కాళ్ళ మధ్య నుంచి చురుగ్గా ఈదుకుంటూ పోయాయి.

ఇన్‌స్పెక్టరు మళ్ళీ లక్షే రాశాడు.

"బతికినవే రాయండి, వేస్తాను," అంది అత్త.

ప్రభుత్వ పనికి అడ్డం పడిందని ఆమెను గట్టు మీదికి లాగారు. వేలు సిరాలో అద్దించబోతే బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది. ఇద్దరు పోలీసులు గుంజినా వేలు బయటికి రాలేదు. ఆమెను జీపులో పడేశారు.

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని మా వైపు తిరిగాడు. ముద్ర లేకపోతే ఆ లెక్క చెల్లదు.

"ఎవరో ఒకరు రండర్రా."

నీళ్ళలోంచి పిడికిళ్ళు పైకి లేచాయి. ఒక్క బొటనవేలూ కనిపించలేదు.

లారీ కదలకముందే పడవల బావ సైకిలు మీద కబురు తీసుకుపోయాడు. లారీ తర్వాతి చెరువు చేరేసరికి అక్కడి గట్టూ ఖాళీగా ఉంది. జనమంతా నీళ్ళలో ఉన్నారు.