పలికినట్టు రాసిన పుస్తకం

"గిది మంచి దగ్గు గాదు కొడుకా. మీ బాపుకు సుత గిట్లనే మొదలైంది," అన్నది కాంతమ్మ.

నాగేశం అప్పటికింకా దగ్గనేలేదు. అట్టలు అంటించే చింతగింజల గంజి గిన్నెను ముందుకు లాక్కొని, వేలు ముంచి చిక్కదనం చూస్తున్నాడు. తల్లి మాట అయిపోయాక, ఆమె మాట నిలబెట్టడానికన్నట్టు రెండుసార్లు దగ్గాడు.

"జూసినవా?" అన్నది కాంతమ్మ.

సిద్దిపేటలో కచేరీ రిజిస్టర్లకూ బడి పుస్తకాలకూ కుట్టు వేసి, అట్ట పెట్టి జిల్దు కట్టేది అతనే. ముప్పై నాలుగేళ్లకే వీపు వంగింది. దారం లాగి లాగి కుడి చూపుడువేలికి గాడి పడింది. గంజి తడికి గోళ్ల అంచులు తెల్లగా నానిపోయి ఉంటాయి. వీధిలోకి తెరుచుకునే ఆ గదిలో దబ్బనం, కత్తి, పుస్తకాలు బిగించే చెక్కమర, మూలన ఆరని అట్టలు. ఆ తడి వాసనే కొడుకు ఛాతీలో చేరి కూర్చుంటున్నదని కాంతమ్మ భయం. దగ్గే ఇంటికి పిల్లనెవరిస్తారని పెళ్లి మాట ఎప్పుడో మానేసింది.

నాగేశానికి మెట్రిక్‌లో ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు పోయింది. ఆ పగతోనో, మరి దేనితోనో, పదకొండేళ్లు కూర్చొని ఆ భాషకు కొత్త రాత కట్టాడు. ఒక్క ధ్వనికి ఒక్కటే గుర్తు. ఉన్న ఇరవయ్యారు అక్షరాలు చాలవని, కొన్నింటికి మన గుణింతంలాగా కొమ్ములూ దీర్ఘాలూ తగిలించాడు.

"కత్తి అనే మాటకు ఇంగ్లీషుల ముంగట ఒక అక్షరం ఉంటదవ్వా. ఎవ్వరు పలుకరు. ఊకె నిలబడ్తది," అన్నాడు ఒకసారి.

"నిలబడనియ్యి పాపం. నిన్నేమన్నది?"

"రెండుసార్లు ఫెయిల్ జేసింది."

తల్లీకొడుకులు కలిసి నవ్వుకున్న కొద్ది మాటల్లో అదొకటి.

పోయిన వానాకాలం ఆ రాతను వివరించే పుస్తకాన్ని శుభ్రంగా ఎత్తిరాశాడు. నలభై కాగితాలు, ఒకవైపే రాత, ఎడమవైపు ఎర్రగీత. గీతలు గీసేటప్పుడు రూళ్లకర్ర కదలకుండా పట్టుకున్నది కాంతమ్మే. ఇట్లాంటి రాతలు చూసే సంఘం ఒకటి లండన్‌లో ఉన్నదని, జిల్దుకొచ్చిన పాత పత్రికలో చదివాడు. పుస్తకం కుట్టి, కట్ట కట్టి, లక్కముద్ర వేసే నాటికి జ్వరం. లేవలేక తల్లి చేతికిచ్చాడు. బట్టల మూటలతో సికింద్రాబాదుకు పోయే యాదగిరికి ఇమ్మన్నాడు. పరదేశం పోయేవి అక్కడి అంగ్రేజీ టపాఖానాలోనే వెయ్యాలి.

కాంతమ్మ ఇవ్వలేదు. యాదగిరి బస్సులో నిద్రపోతే? వానకు తడిస్తే? జర్మనీ లడాయి నాలుగో ఏడు నడుస్తున్నది, పోలీసులు విప్పి చూసి ఏవో దొంగ రాతలనుకుంటే? ఎదురుగా ఉన్న సర్కారు టపాఖానాలో తానే టికెట్లు అంటించి వేసింది. నిజాం సర్కారు టికెట్టు నిజాం రాజ్యం హద్దు దాటదని ఆమెకు తెలియదు.

మూడు వారాలకు కట్ట తిరిగొచ్చింది. టపా తెచ్చే పోశయ్య చేతులు పట్టుకొని, "వానికి చెప్పకు నాయినా, నెత్తురు కక్కుతడు" అన్నది. కట్టను బియ్యం కాగులో దాచింది. యాదగిరితో మళ్లీ పంపుదామని ఎన్నోసార్లు అనుకున్నది. పంపితే జవాబు వస్తుంది. పనికిరాదని వస్తే? ఎదురుచూసినన్నాళ్లూ బతుకుతాడు కదా అని ఊరుకున్నది.

నాగేశం గంజి గిన్నె ముందు కూర్చున్న ఆ మధ్యాహ్నం కూడా పోశయ్య గడప ముందునుంచి పోతున్నాడు.

"నాకేమన్న ఉన్నదా పోశయ్యా?"

"లండన్ దొరలు ఇంక పండుకోనే ఉన్నరు," అని కాంతమ్మ వైపు చూడకుండా సాగిపోయాడు.

రోజూ అయితే నాగేశం, "లడాయిల పడవలు మునుగుతున్నయవ్వా, గందుకే" అనేవాడు. ఈరోజు అనలేదు. లేచి గూట్లోంచి పదకొండేళ్ల చిత్తు కాగితాలన్నీ దించాడు. ఒక్కొక్కదానికీ గంజి పూసి, ఒకదానిమీద ఒకటి అంటించసాగాడు. రిజిస్టర్లకు అట్టలు అట్లాగే తయారవుతాయి, పనికిరాని కాగితాలతో.

"ఏంది కొడుకా గది?"

"సదివిన్రు. పనికిరాదనుకున్నరు. అట్టలకన్న అక్కరకొస్తయి."

ఆపమని అరవాలనుకున్నది. వంటింట్లోకి పోయి కాగులో చెయ్యి పెట్టింది. కట్ట తీసింది, మళ్లీ పెట్టింది. చివరికి తెచ్చి కొడుకు ముందు ఉంచేసరికి గూడు ఖాళీ అయింది.

"సదువలేదు బిడ్డా. అది పోనే పోలే. సర్కారు టికెట్టు పెట్టిన. తిరిగొస్తే నేనే దాసిన."

నాగేశం గంజి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. కట్టను మాత్రం ముట్టలేదు. టికెట్లనూ వాటిమీద కొట్టిన టపా ముద్రనూ చూశాడు. తడి అట్టలను మరలో పెట్టి బిగించాడు. సగం కుట్టిన కచేరీ రిజిస్టరు ఒకటి ఒడిలోకి తీసుకొని కుట్టడం మొదలుపెట్టాడు.

కాంతమ్మ గడప దగ్గర కూర్చున్నది. ఎండ గది దాటి గోడెక్కింది.

"ఏదన్న అనరాదు కొడుకా. తిట్టు."

నాగేశం దబ్బనాన్ని ఇంకో కాగితంలోకి దించాడు.

దీపం పెట్టే వేళకు నాగేశం దారం కొరికి, ముడి వేసి, అప్పుడన్నాడు.

"మంచిదే అయిందవ్వా. నాలుగో కాగితం తలకిందులు కుట్టిన. నీ చేతికిచ్చినంక యాదికొచ్చింది. దొరలు జూస్తే నవ్వుదురు."

కాంతమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది.

"నీళ్లు దే," అన్నాడు.

చెంబుతో వచ్చేసరికి చెక్కమరకు ఆనుకొని కళ్లు మూసుకున్నాడు. పడుకోనీ అని చెంబు పక్కన పెట్టి కూర్చున్నది. దగ్గు కోసం చూసింది. చాలాసేపు చూసింది. రాలేదు.

పదకొండో రోజు, వచ్చినవాళ్లు పోయాక, లక్కముద్ర పగలగొట్టి కట్ట విప్పింది. ఆ అక్షరాలు ఆమెకు రావు. తలకిందులైతే గీత కుడివైపుకు రావాలని, నాలుగో కాగితం దాకా వేలితో లెక్కపెట్టి చూసింది. లెక్క తప్పానేమోనని మొదటినుంచి చివరిదాకా తిప్పింది. నలభై కాగితాల్లోనూ ఎర్రగీత ఎడమవైపే ఉన్నది.