చలిమిడి పంచిన రోజు

సుబ్బయ్య నోరు తెరిస్తే కడపలో బస్సులు కూడా ఆగి వింటాయి. ఈ మాట చెప్పుకునేది ఆయనే. కోడలు శివాని శ్రీమంతం నాడూ వసారాలో ముత్తైదువులను నవ్విస్తూ కూర్చున్నాడు.

"మా యమ్మ నన్ను మోస్తాన్నప్పుడు గంపెడు చలిమిడి తినింది. అందుకే పుట్టిన దినమే లేచి, బావికాడికి పోయి నీళ్లు పోసుకోనొచ్చినా!"

పుట్టింటివాళ్లు తెచ్చిన చలిమిడిని కడుపుతో ఉన్న పిల్ల ముందుగా తాను తిని, తర్వాత బొట్టు పెట్టి అందరికీ పంచాలి. శివాని తినకుండానే పంచడానికి లేచింది. అత్త గురమ్మకు పెట్టబోయిన కుంకుమ కనుబొమ మీద పడింది.

"ఏమ్మా, మీ యత్తకు మూడో కన్ను పెడ్తాండావా? ఉన్న రెండింటికే నేను తట్టుకోలేకుండా ఉండా!"

వసారా అంతా ఘొల్లుమంది. గురమ్మ నవ్వుతూనే చలిమిడి ముద్ద కోడలి నోటికి అందించింది. "ముందు నువ్వు తిను. బిడ్డకు బలం."

శివాని మొహం తిప్పుకుంది.

"నాకు చక్కెర జబ్బు ఉండాది అత్తా. పెండ్లికి ముందు నుంచే. ఆయనకు కూడా చెప్పలే. సూదులు దాచిపెట్టుకోని వేసుకుంటాండా, ఇంట్లో జనముంటే మానేస్తాండా. ఇప్పుడు కండ్ల ముందర నల్లగా దారాలు ఆడతాండాయి. నీ మొహం సరిగా కనపడ్లే."

నవ్వు ఆగిపోయింది. గురమ్మ వియ్యపురాలి వైపు తిరిగింది. "నీకు తెల్సా వదినా?"

ఆమె తల ఎత్తలేదు. "చెప్తే చేసుకుంటాంటిరా?"

గురమ్మ ముద్దను పళ్లెంలో పెట్టేసింది. వచ్చినవాళ్ల మొహాలు చూడలేక, "ఆటో పిల్చుకోని రాపో" అంది మొగుడితో. కొడుకు భూపేష్ మంగంపేట గనుల్లో పనిలో ఉన్నాడు.

కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసి చూసిన డాక్టరమ్మ, "కంటి లోపల రక్తం కారింది. కడుపుతో ఉన్నప్పుడు ఇది తొందరగా ముదరొచ్చు. లేజర్ చేస్తే చూపు నిలబెట్టొచ్చు. కానీ సూదులు మానితే మీకూ బిడ్డకూ ప్రమాదమే. దాచుకుని చేసుకునే వైద్యం కాదిది" అంది.

బయట బల్ల మీద సుబ్బయ్య నేల చూస్తూ కూర్చున్నాడు. పక్కన శివాని. అటుగా వచ్చిన పాత స్నేహితుడు మద్దిలేటి ఆగాడు.

"ఏమప్పా, ఈడుండావు? కోడలికి ఏమాయ?"

శ్రీశైలం డ్యామ్ గేటును భుజంతో ఆపానని చెప్పుకున్న మనిషి నోట చిన్న అబద్ధమే వచ్చింది. "ఏం లేదప్పా. కంట్లో నలుసు పడింది."

"నలుసు కాదు మామా" అంది శివాని మెల్లగా.

సుబ్బయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"చక్కెర జబ్బప్పా" అన్నాడు చివరికి.

మద్దిలేటి నవ్వడానికి సిద్ధంగా, తర్వాతి మాట కోసం కాచుకున్నాడు. సుబ్బయ్య ఇంకేమీ అనలేదు.