రెండూ పట్టే బ్యాగు

ఆమె పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తుంది. ఈసారి పనికని బయల్దేరి అక్క ఇంటికి వెళ్ళిపోవాలని, ఇక తిరిగి రాకూడదని తేల్చుకుంది. బతకడానికి కెమెరా, లాప్‌టాప్ ఉంటే చాలు. రెండు సంచులతో గడప దాటితే భర్తకు అనుమానం వస్తుంది. అందుకే రెండూ పట్టే మామూలు బ్యాగు కొనాలనుకుంది. కొట్టుకు ఒక్కతే వెళ్దామనుకుంటే అతనూ చెప్పులేసుకున్నాడు.

కొట్టతను బూడిదరంగు బ్యాగు తెరిచి మెత్తటి అరలు చూపించాడు. "కెమెరా కింద, లాప్‌టాప్ వీపు వైపునమ్మా. రోజూ వేసుకోవచ్చు."

"లాప్‌టాప్ ఇంట్లోనే ఉండేదిగా," అన్నాడు భర్త.

"పనయ్యాక అక్కడే కూర్చుని ఫొటోలు ఎక్కించేద్దామనండీ."

"అన్నీ మూటగట్టుకుపోతే ఇక ఇంటికి రావడం దేనికి? ఏమంటావు బాబాయ్?"

కొట్టతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

అదే ఇమ్మన్నాడు భర్త. పట్టీలు తన ఒంటికి సరిపడా బిగించి, తనే భుజాన వేసుకున్నాడు.

"ఇంత బరువు నువ్వేం మోస్తావులే. ఇకనుంచి నేనే తీసుకెళ్ళి, పనయ్యేదాకా బయట కూర్చుంటాను."

ఆమె సరేనంది. మెట్లు దిగుతూ అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వీధిలోకి వచ్చాక కూడా వదల్లేదు.