చీలికరాయి పరీక్ష

మా ఊరి పైన చీలికరాయి ఉంది. తాటిచెట్టంత బండ, నిలువునా రెండుగా పగిలింది. తెల్లదొరల కాలంలో రోడ్డు పనికి వెట్టికి లాక్కుపోవాలని పోలీసులొస్తే, మావాళ్లు ఆ సందులో పక్కవాటుగా దూరి అవతలి లోయలోకి దిగిపోయారట. బెల్టులు, బూట్లు, తుపాకులతో పోలీసులు ఇవతలే తెల్లమొహం వేశారట. అప్పటినుంచి మా ఊరి పిల్లను చేసుకునేవాడు ఆ సందు దాటాలి. వెనకే పిల్ల తరఫు పెద్ద ఒకరు వస్తారు. ఆ పెద్ద సరేనంటేనే పెళ్లి.

నా ఖర్మ కాలి నేను మనసుపడింది తేజ మీద. విజయనగరం మనిషి, అరకులో కాఫీగింజలు కొనే కంపెనీలో ఉద్యోగం, ముందు పొట్ట వచ్చాకే మనిషి వస్తాడు. "నెల రోజులు రాగి అంబలి తప్ప ఏదీ ముట్టకు" అని మొత్తుకున్నాను. అంబలి తాగాడు మహానుభావుడు, దాని మీద బొంగు చికెన్ కూడా తిన్నాడు.

నిన్న పొద్దున్న తేజ సందులోకి దూరాడు. వెనకే మా అమ్మమ్మ కనక. నేను ఈమధ్యే వేసిన చుట్టుదారిన అవతలికి పరుగెత్తాను. ఇతను ఇరుక్కుంటే నా పెళ్లి అక్కడితో సరి. దేవుడా!

లోపల్నుంచి అమ్మమ్మ కేకలు. "బాబూ, ఊపిరొదిలీ! ఏటి సేత్తన్నావు, నిద్దరోతన్నావేటి?"

"వదిలాను అమ్మమ్మగారూ, పొట్టే కదలట్లేదు!"

చొక్కా గుండీలు టపటపా ఊడాయి. మోచేతులు గీరుకుపోయి, ఎట్టకేలకు తేజ బయటపడ్డాడు. నేను గెంతులేశాను. "దాటేశావు తేజా!"

అతను నా వంక చూడనైనా లేదు. "అమ్మమ్మగారు రాలేదేంటి? మోకాళ్లు నొప్పులన్నారు కదా" అంటూ మళ్లీ ఆ సందులోకే దూరాడు.

"నీకేమైనా పిచ్చా! వచ్చిందే గగనం!" అని అరిచాను. ఏడుపొచ్చేసింది. అతను వింటేగా! అమ్మమ్మ చెయ్యి అందుకున్నాడు, నడుం దగ్గర గట్టిగా బిగుసుకుపోయాడు.

 లోపల్నుంచి అమ్మమ్మ నవ్వు వినిపించింది.

"ఒసే నీలవేణీ, మీ తాత కూడా ఈ సందు దాటినాడే. దాటి, ఎనకాల మా అమ్మ వత్తందో లేదో సూడకుండా కల్లు కుండ కాడికి పోనాడు. నాకు ఆ రోజే తెలవాల. నలభై ఏళ్లు ఆడి ఈపే సూసినాను."

నేను సందులోకి తొంగిచూశాను.

"ఈ గుంటడు ఎనక్కొచ్చినాడే. సేసుకో. ముందు బేగి బయటికి లాగు, నాకు ఊపిరాడతం లేదు!"